ఇంట్లో ఉన్నదంతా ఇంటి సామానేనా?

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో, జి.కొండూరులో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ రోజున మనం 1982 నాటి నకారా తీర్పును తలుచుకుంటాం. పెన్షను ఎవరో దయతలచి వేసే భిక్ష కాదు, మన హక్కు అని సుప్రీంకోర్టు చెప్పిన రోజిది. ఆ సంగతి ఇందాక మాట్లాడిన మిత్రులు నాకంటే బాగా చెప్పారు. డి.ఆర్. సంగతి కార్యదర్శి గారు చెబుతారు, ఆయన నోట వింటేనే దానికి అందం. నాకు అప్పజెప్పిన అంశం ఇంటి బీమా. నేను దాన్ని ఇంకా కుదించుకుని సైకిలు దగ్గరికి తెచ్చుకున్నాను.

నవ్వుతున్నారు. నవ్వండి. నా ఇంటి వసారాలోంచి యాభై ఎనిమిది వేల రూపాయల సైకిలు పోయిందని చెబితే ఎంతమంది నవ్వుతారో చూస్తాను.

ముందు నా మొదటి సైకిలు గురించి రెండు ముక్కలు. 1974లో నందిగామ తాలూకా కచేరీలో నేను యల్.డి.సి.గా ఉన్నప్పుడు సైకిలు అడ్వాన్సుకు అర్జీ పెట్టుకున్నాను. ఇక్కడున్న వాళ్ళలో కనీసం పదిమంది ఆ అడ్వాన్సు తీసుకునే ఉంటారు. నేనప్పటికి టెంపరరీ గనక పక్క సీటు గుమాస్తా పూచీకత్తు సంతకం పెట్టాడు. సైకిలు ధర నా నెల జీతానికి ఇంచుమించు సమానం. నెలనెలా జీతంలో కోత. దానికి పంచాయతీ లైసెన్సు బిళ్ళ, రాత్రిపూట పోలీసు పట్టుకోకుండా డైనమో లైటు, వెనక చక్రానికి తాళం. జమాబందీ రోజుల్లో ఆ సైకిలు మీద నేను తిరగని ఊరు లేదు. కచేరీ ముందు నిలబెడితే సాయంత్రానికి బెల్లు డొప్ప మాత్రం ఉండేది కాదు. ఆ రోజుల్లో సైకిలు దొంగలకంటే బెల్లు డొప్పల దొంగలే ఎక్కువ. ఆ డొప్ప సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తు పెట్టుకోండి.

ఇంత విలువైన వస్తువుకు బీమా ఉండాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. మనకు తెలిసిన బీమా అంటే ప్రాణానికి సంబంధించిందే. ఎ.పి.జి.ఎల్.ఐ. కోత జీతంలోనే పోయేది, ఎల్.ఐ.సి. ఏజెంటు మొదటి తారీఖున వచ్చి కూర్చునేవాడు. జనరల్ ఇన్సూరెన్సు కంపెనీలు 1973లో జాతీయమయ్యాయని పేపర్లో చదివాం గాని, అది లారీలకూ మిల్లులకూ సంబంధించిన వ్యవహారమనుకున్నాం. ఇప్పటికీ మనలో చాలామంది అంతే. స్కూటరుకు పోలీసు అడుగుతాడని కడతాం. ఇంటికి ఎవరూ అడగరు గనక కట్టం.

మా అమ్మాయి, అల్లుడు కట్టారు. కట్టారనేకంటే బ్యాంకు వాళ్ళు కట్టించారనాలి. విజయవాడ సింగ్ నగర్లో హౌసింగ్ లోనుతో ఇల్లు కట్టుకున్నప్పుడు బ్యాంకు వాళ్ళు లోను కాగితాలతోబాటు ఒక పాలసీ కూడా అంటగట్టారు. ప్రీమియం లోనులో కలిసిపోయింది, కాగితం బీరువాలోకి పోయింది. అందులో ఏముందో మూడేళ్ళు ఎవరూ చూడలేదు.

2024 ఆగస్టు 31 శనివారం నాటి వాన మీకు నేను చెప్పనక్కర్లేదు. మన వెలగలేరు రెగ్యులేటరు గేట్లు ఎత్తారన్న కబురు ఈ ఊళ్ళో ఆ రాత్రే అందరికీ తెలుసు. బుడమేరు డైవర్షన్ కాలువకు మన మండలంలోనే గండ్లు పడ్డాయి, చివరికి సైన్యం కూడా వచ్చి పూడ్చాల్సి వచ్చింది. ఆదివారం తెల్లవారేసరికి సింగ్ నగర్ నీళ్ళల్లో ఉంది. మన పొలాల పక్కనుంచి పోయిన నీళ్ళే మా అమ్మాయి ఇంట్లోకి వెళ్ళి మంచం మీదికెక్కాయి. వాళ్ళు మేడ మీదికెక్కి మూడు రోజులున్నారు. ఫోనులో ఛార్జింగు అయిపోయాక ఇక్కడ మా ఆవిడా నేనూ ఎలా ఉన్నామో చెప్పడం ఇవాళ్టి అంశం కాదు.

నీళ్ళు తీశాక ఇంట్లో మిగిలింది బురద. ఫ్రిజ్జు, వాషింగ్ మిషను, పరుపులు, సోఫా, పిల్లవాడి పుస్తకాలు, వాడి సైకిలు. ఆ సైకిలు అంటే వాడికి ప్రాణం. అల్యూమినియం ఫ్రేము, గేర్లు, డిస్కు బ్రేకులు, అన్నీ కలిపి యాభై ఎనిమిది వేలు. సెలవుల్లో చిన్న ఉద్యోగం చేసి సగం వాడు వేసుకున్నాడు, సగం వాళ్ళ నాన్న ఇచ్చాడు. దాన్ని మొదటిసారి చూసినప్పుడు “ఈ డబ్బుతో స్కూటరు వచ్చేది గదరా” అన్నాను. “స్కూటరు తొక్కితే కాళ్ళు నొప్పిపుట్టవు తాతయ్యా, అందుకని” అన్నాడు. నాలుగు రోజులు బురదనీళ్ళలో నానిన తర్వాత దాని చక్రం తిప్పితే ఇసుక నూరినట్టు చప్పుడు.

గ్రౌండు ఫ్లోరు మునిగిన ఇళ్ళకు ప్రభుత్వం పాతిక వేలు ప్రకటించింది, వాళ్ళకూ వచ్చింది. పాతిక వేలు ఏ మూలకు? అప్పుడు నేను బీరువాలోంచి ఆ పాలసీ తీసి, కళ్ళజోడు తుడుచుకుని, ఫైలు చదివినట్టు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. పదవీ విరమణ చేసిన పదిహేనేళ్ళకు మళ్ళీ ఒక ఫైలు చేతికొచ్చిందన్నమాట.

ఆ పాలసీ పేరు భారత్ గృహ రక్ష. బీమా నియంత్రణ సంస్థ అన్ని కంపెనీలూ ఒకే మాటల్లో అమ్మాలని చెప్పి 2021 ఏప్రిల్ 1 నుంచి తెచ్చిన పాలసీ ఇది. ఏ కంపెనీ దగ్గర కొన్నా షరతులు అవే. మొన్నటిదాకా మనకు కంపెనీకో రకం కాగితం, అందులో అక్షరాలు చీమల బారులు. ఇది కొంత మనుషులు చదివే భాషలో ఉంది. అందులో నాకు కనిపించిన మంచి సంగతి ఒకటి చెబుతాను. ఇంటి కట్టడానికి బీమా ఉంటే, అందులో నూటికి ఇరవై వంతు మొత్తానికి, పది లక్షలు దాటకుండా, లోపలి మామూలు సామానుకు కూడా బీమా దానంతటదే ఉంటుంది. విడిగా జాబితా ఇవ్వనక్కర్లేదు. మా అమ్మాయి ఇల్లు ముప్పై లక్షలకు ఉంది. అంటే సామానుకు ఆరు లక్షలు. మూడేళ్ళుగా ఆ ఆరు లక్షల రక్షణ బీరువాలో పడి ఉంది, ఇంట్లో వాళ్ళకే తెలియదు! నగలు, వెండి, చిత్రపటాలు మాత్రం ఇందులో రావు. వాటికి విడిగా విలువ కట్టించి రాయించుకోవాలి.

మంటలు, పిడుగు, భూకంపం, తుఫాను, వరద, కొండచరియలు, అల్లర్లు, నీళ్ళ ట్యాంకు పగలడం ఇవన్నీ అందులో ఉన్నాయి. దొంగతనం ఉందా? ఒక్క సందర్భంలోనే ఉంది. పైన చెప్పినవాటిలో ఏదో ఒకటి జరిగి, దాని కారణంగా ఏడు రోజుల లోపల దొంగతనం జరిగితే ఇస్తారు. వరదకు ఇల్లు వదిలి పోయినప్పుడు ఎవడన్నా ఎత్తుకుపోతే దానికి వర్తిస్తుంది. మామూలు రోజున మామూలు దొంగ వస్తే వర్తించదు. ఈ మాట నేను అప్పుడు చదివాను. చదివి కూడా దాని అర్థం తలకెక్కించుకోలేదు.

సర్వేయరు వచ్చాడు. పాపం, ఆ నెలలో అతను ఎన్ని బురద ఇళ్ళు చూశాడో. ఫ్రిజ్జు రాసుకున్నాడు, పరుపులు రాసుకున్నాడు. సైకిలు దగ్గర ఆగాడు. “ఇది రాదేమో సార్, మినహాయింపుల్లో వెహికల్స్ అని ఉంది” అన్నాడు. నిజమే, ఉంది. నాణేలు, చెక్కులు, దస్తావేజులు, వాహనాలు, పేలుడు పదార్థాలు, ఇవి పాలసీలో ప్రత్యేకంగా రాస్తే తప్ప వర్తించవు అని ఉంది. మోటారు వాహనాలు అనలేదు. వాహనాలు అన్నారంతే.

ముప్పై ఆరేళ్ళు జి.ఓ.లలో కామాల కోసం దెబ్బలాడిన మనిషికి ఇంతకంటే పండగేముంది? ఆ రాత్రి కూర్చుని ఒక లేఖ రాశాను. సైకిలుకు రిజిస్ట్రేషను లేదు, తొక్కేవాడికి లైసెన్సు లేదు, దీనికి ఫలానా బీమా తీసుకోవాలని ఏ చట్టమూ చెప్పడం లేదు. కారుకూ స్కూటరుకూ వేరే పాలసీ ఉంది గనక వాటిని ఇంటి పాలసీలోంచి తీసేశారంటే అర్థముంది. సైకిలును కూడా తీసేస్తే అది ఎక్కడికి పోవాలి? ఇంకొకటి, కాగితం రాసినవాడి మాటలో రెండర్థాలు వస్తే, రాయనివాడికి అనుకూలమైన అర్థం తీసుకోవాలని బీమా తగాదాల్లో కోర్టులు చెబుతూ వచ్చాయి. పిల్లల మూడు చక్రాల బండి కూడా వాహనమేనా అని చివర్లో ఒక ప్రశ్న వేశాను. అది కొట్టేయమని మా అల్లుడు అన్నాడు, నేను కొట్టేయలేదు.

వాళ్ళు ఒప్పుకున్నారు. బాగుచేసే ఖర్చు ఎక్కువవుతుందని సైకిలు దుకాణం వాడు కాగితం రాసిచ్చాడు. మనవడి ఫోనులో బిల్లు ఉంది, కాగితం బిల్లయితే బుడమేరులో పోయేదే. అలాంటి సైకిలు మళ్ళీ కొనడానికయ్యే మొత్తం ఇచ్చారు. మిగతా సామాను డబ్బులో కొంత కోత పడింది, సైకిలులో పడలేదు. ఇంట్లో నా పరపతి పెరిగింది. మా ఆవిడ కూడా రెండు రోజులు నా మాటకు ఎదురు చెప్పలేదు.

అయితే ఒక మాట. ఆ సర్వేయరు ఒప్పుకున్నాడని ఇంకొక సర్వేయరు ఒప్పుకుంటాడని లేదు. నా లేఖ జి.ఓ. కాదు. కాబట్టి మీ ఇంట్లో ఇలాంటి సైకిలుంటే, పాలసీ షెడ్యూలులో దాని పేరు, ఫ్రేము నంబరు, విలువ రాయించండి. ప్రత్యేకంగా రాస్తే వర్తిస్తుందని పాలసీయే చెబుతున్నది గదా. సైకిలు తిరగేస్తే పెడల్ దగ్గర అడుగున ఫ్రేము మీద ఆ నంబరు చెక్కి ఉంటుంది. ఫోటో తీసి పెట్టుకోండి.

ఇప్పటిదాకా చెప్పింది నా గొప్ప. ఇక రెండో భాగం.

వరద తర్వాత మనవడు మైలవరంలో ఇంజనీరింగు చదువుకు దగ్గరవుతుందని మా ఇంటికి వచ్చేశాడు. బీమా డబ్బుతో కొన్న కొత్త సైకిలు కూడా వాడితోపాటే వచ్చింది. పొద్దున్నే కొండపల్లి దాకా తొక్కుకుంటూ పోయి ఏడున్నరకల్లా వచ్చేవాడు. సైకిలు వసారాలో ఉండేది.

నా ఇంటికి భారత్ గృహ రక్ష లేదు. చాలా ఏళ్ళ నుంచి హౌస్ హోల్డర్స్ పాలసీ అనే పాత పద్ధతి పాలసీ ఉంది. మీలో కొందరికి ఉండవచ్చు. అది భాగాలు భాగాలుగా ఉంటుంది. అగ్నిప్రమాదం, ఇంటికి కన్నం వేసి దోచుకుపోవడం, నగలు, గాజు పలకలు, టీవీ, కరెంటు సామాను, ప్రయాణంలో పెట్టె బేడా, ఇలా. మనకు కావలసిన భాగాలు తీసుకోవచ్చు, అక్కర్లేనివి వదిలేయవచ్చు. ఆ భాగాల్లో ఒకటి అచ్చంగా సైకిలుకే! పెడల్ సైకిల్ అని పేరు పెట్టి, మన దేశంలో సైకిలే మధ్యతరగతి వాహనమైన రోజుల నుంచి అది అక్కడ ఉంది.

2024 నవంబరులో రెన్యూవలుకు ఏజెంటు వచ్చాడు. మంచి కుర్రాడు. కాఫీ తాగుతూ, వసారా వంక చూసి, “బాబాయిగారూ, ఈ సైకిలు ఖరీదైనదిలా ఉంది, సైకిలు భాగం కూడా కలపమంటారా?” అని అడిగాడు. దానికయ్యే ప్రీమియం వందల్లో ఉంది, వేలల్లో లేదు. నేనేమన్నానో తెలుసా? “ఎందుకయ్యా, ఇంట్లో ఉన్నదంతా ఇంటి సామానే గదా. నేను వరదలో తెప్పించాను డబ్బులు, నాకు తెలుసు. అది కొట్టెయ్” అన్నాను. అతను కొట్టేశాడు. ఆ అడ్డగీత ఇప్పటికీ నా కాపీలో ఉంది. కావాలంటే చూపిస్తాను, సంచీలో తెచ్చాను.

2025 ఫిబ్రవరి 26, శివరాత్రి. ముగ్గురం శివాలయానికి వెళ్ళాం. జాగారం చేసే ఓపిక లేదు గాని, పదకొండు దాకా కూర్చున్నాం. ఇంటి తలుపుకు తాళం వేశాం. గేటుకు గడియ మాత్రమే పెట్టాం. సైకిలుకు దాని తాళం అది వేసే ఉంది, అయితే చక్రానికి వేశాడే గాని స్తంభానికి కట్టలేదు. తిరిగొచ్చేసరికి వసారాలో సైకిలు స్టాండు గీసిన గీత ఉంది, సైకిలు లేదు.

మర్నాడు పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చాం. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఏ స్టేషనులోనైనా ఇవ్వవచ్చు, ఫిర్యాదు చేసిన వాడికి ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఇది తెలిసి ఉంటే మంచిది, స్టేషను గుమ్మం దగ్గర మనకు గొంతు తడారిపోతుంది. ఆ కాపీతో బీమా ఆఫీసుకు వెళ్ళాను. చంకలో నా పాత విజయపు లేఖ నకలు కూడా ఉంది.

వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. రెండు ప్రశ్నలడిగారు. “తాళం పగలగొట్టారా? తలుపు గాని, కిటికీ గాని విరిచారా?” లేదన్నాను. అసలు ఇంట్లోకి రానే లేదు. కన్నం వేసి దోచుకోవడమన్న భాగం బలప్రయోగంతో ఇంట్లోకి చొరబడితేనే వర్తిస్తుంది. దొంగతనం వేరు, కన్నం వేయడం వేరు. మనం దొంగ అనే ఒక్క మాటలో రెండూ కలిపేస్తాం, వాళ్ళు కలపరు. 2004లో సుప్రీంకోర్టు, హర్చంద్ రాయ్ చందన్ లాల్ అనే వ్యాపార సంస్థ కేసులో, పాలసీలో బలవంతంగా ప్రవేశించాలని నిర్వచనం రాసి ఉన్నప్పుడు అది లేని చోరీకి డబ్బు ఇవ్వనక్కర్లేదని తేల్చింది. అంటే వాళ్ళు పాలసీలో మాటను ఉన్నదున్నట్టు చదివారు. మొన్న నేను కోరిందీ అదే గదా.

రెండో ప్రశ్న వాళ్ళు అడగలేదు, కాగితం నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించారు. పెడల్ సైకిల్ అన్న చోట అడ్డగీత. ఆ భాగం ఉండి ఉంటే కన్నం అక్కర్లేదు, మామూలు చోరీ అయినా సరిపోయేది. సైకిలు ఎక్కడ పోయినా, గుడి దగ్గర పోయినా, కాలేజీ స్టాండులో పోయినా లెక్కలోకి వచ్చేది. ఇల్లు మునిగితే ఇంటి సామాను. రోడ్డు మీద పోతే? వసారాలో పోతే? అది ఆ భాగం ఉన్నవాడికే సైకిలు.

మా అమ్మాయి పాలసీ ఉంది గదా, అది చూడండి అన్నాడు అల్లుడు ఫోనులో. అది ఆ ఇంటి సామానుకు, ఈ ఇంట్లో ఉన్నదానికి కాదు. పైగా దొంగతనం దానిలో లేదు, ముందే చెప్పాను.

బస్సులో తిరిగొచ్చేటప్పుడు నాకు బాధ డబ్బు గురించి కాదు. నలభై ఏళ్ళు అందరి కాగితాలూ చదివి తప్పులు పట్టినవాణ్ణి, నా కాగితంలో నేనే గీత కొట్టించాను. ఇంటికొచ్చి చెబితే వాడు “పోనీలే తాతయ్యా” అన్నాడు. ఇంకేమన్నా అంటే బాగుండేది. నా పెన్షనులోంచి కొని పెడతానన్నాను. ఒప్పుకోలేదు. మూడు నెలలు బస్సులో తిరిగి, ట్యూషన్లు చెప్పి, సెకండ్ హ్యాండులో తొమ్మిది వేల సైకిలు ఒకటి కొనుక్కున్నాడు. అది కొన్న రోజు సాయంత్రమే నేను దాన్ని తిరగేసి నంబరు రాసుకుని ఏజెంటుకు ఫోను చేశాను. పాలసీ నడుస్తుండగా కూడా ఒక భాగం కలుపుకోవచ్చు, ఎండార్సుమెంటు అంటారు. ఇప్పుడా తొమ్మిది వేల సైకిలుకు బీమా ఉంది. యాభై ఎనిమిది వేల దానికి లేకపోయింది.

ఇక మీరు అడగబోయే సంగతులు కొన్ని. అందరిళ్ళల్లోనూ మనవలున్నారు, జగ్గయ్యపేట నుంచి తిరువూరు దాకా ఇప్పుడు ఈ గేర్ల సైకిళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి.

బెల్లు డొప్ప గుర్తు పెట్టుకోమన్నాను. సైకిలు భాగంలో ఒక షరతు ఉంటుంది. లైటు, పంపు, సీటు, బెల్లు లాంటి విడి సామాను మాత్రమే పోతే ఇవ్వరు. సైకిలుతోబాటు పోతేనే ఇస్తారు. అంటే దొంగ మీద దయ ఉంచి మొత్తం పట్టుకుపొమ్మనాలి. పందేలకు వాడినప్పుడు, అద్దెకిచ్చినప్పుడు జరిగిన నష్టమూ రాదు. వాడి అరిగిపోయినదానికి సరేసరి. మన సైకిలు తగిలి ఎదుటివాడికి దెబ్బ తగిలితే ఆ బాధ్యతకు కూడా ఆ భాగంలో ఒక పరిమితి దాకా రక్షణ ఉంటుంది. దీన్ని ఎవరూ చూడరు. ముసలాయన్ని గుద్దితే ఆస్పత్రి ఖర్చు ఎంతో మనకు తెలియందా?

బ్యాటరీ సైకిళ్ళ గురించి జాగ్రత్త. మన ఈడువాళ్ళు కూడా ఎత్తు ఎక్కలేక కొంటున్నారు. మోటారు శక్తి పావు కిలోవాటు లోపల, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపల ఉన్నదాన్ని నిబంధనల ప్రకారం మోటారు వాహనంగా లెక్కించరు. అది దాటితే అది సైకిలు ఆకారంలో ఉన్న స్కూటరే. దానికి రిజిస్ట్రేషను, మోటారు బీమా ఉండాలి, ఇంటి పాలసీ దాని ముఖం కూడా చూడదు. దుకాణం వాడు “ఏమీ అక్కర్లేదు సార్” అంటాడు. ఆ మాట బిల్లు మీద రాసిమ్మనండి, మోటారు ఎన్ని వాట్లో కూడా రాయమనండి.

మా మేనల్లుడు ఇంగ్లండులో ఉంటాడు. అక్కడ సైకిలు దొంగతనం రోజువారీ వ్యవహారమట. ఇంటి సామాను పాలసీలో ఇంత విలువ దాటిన సైకిలును పేరు చెప్పి రాయించాలి, ఇంటి బయట కూడా వర్తించాలంటే అదనంగా కట్టాలి, కదలని స్తంభానికో కమ్మీకో గట్టి తాళంతో కట్టి ఉంచితేనే ఒప్పుకుంటారు. చక్రానికి మాత్రమే తాళం వేస్తే తాళం వేయనట్టే. మన దగ్గర కూడా సైకిలుకే విడిగా పాలసీలు అమ్ముతున్నారు, వాటిలోనూ తాళం షరతు చూసుకోండి. నా వసారా స్తంభం కదలదు, మా నాన్నగారు కట్టించింది. దానికి గొలుసు వేసి ఉంటే బీమాతో పనే లేకపోయేది.

క్లెయిము తిరస్కరించారని ఎవరైనా కాగితం ఇస్తే, అన్యాయమని మీకనిపిస్తే, మొదట ఆ కంపెనీలోనే ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెల లోపల జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులో బీమా అంబుడ్స్ మన్ ఆఫీసు ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, యాభై లక్షల దాకా వివాదం వింటారు. ఏడాది లోపల వెళ్ళాలి. నేను వెళ్ళలేదు. ఎందుకు వెళ్తాను, ఆ గీత నేను కొట్టించిందే గదా.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. ఒక్క మనవి చేసి దిగిపోతాను. జనవరిలో రెండో ఆదివారం పొద్దున పది గంటలకు మన ఆఫీసు గదిలో నేను కూర్చుని ఉంటాను. ఎవరింట్లో ఏ బీమా కాగితం ఉన్నా, బ్యాంకు వాళ్ళు అంటగట్టిందైనా సరే, బీరువాలోంచి తీసి పట్టుకురండి. కలిసి చదువుదాం. జిరాక్సు కాదు, అసలు కాగితమే తేవాలి, గీతలు అందులోనే కనబడతాయి. కళ్ళజోడు మరిచిపోవద్దు. సైకిలు మీద వచ్చేవాళ్ళు మెట్ల పక్కనున్న ఇనప కమ్మీకి కట్టుకోండి, గొలుసు నేను తెచ్చిపెడతాను.